మీటకో దాత

మైదుకూరు దగ్గర మా ఊరి చర్చివారు ఒక ల్యాప్‌టాప్ కొన్నారని తెలియజేయడానికి మిక్కిలి సంతోషిస్తున్నాం. కర్నూలులో పాతసామాన్ల అంగడిలో దొరికింది. దాని వయసు పదహారేళ్లు. ఆన్ చేశాక తెర వెలిగేలోపు నాలుగు చరణాల కీర్తన పాడుకోవచ్చు. వైరు పీకితే ప్రాణం పోతుంది. అయినా గట్టి సరుకని పెద్దలంతా మెచ్చుకున్నారు.

ఊరి పిల్లలు ఉద్యోగాలకు దరఖాస్తులు పెట్టుకోవాలని కొన్నారు. ఆడవాళ్లు ఎసట్లో బియ్యం పోసే ముందు రోజూ ఒక పిడికెడు తీసి పక్కనపెట్టి, ఆదివారం చర్చికి తెస్తారు. ఆ బియ్యం అమ్మిన సొమ్ముతోనే ఇది వచ్చింది. పెద్దలు తలా వంద, బోలెడు ఆశీర్వాదం కలిపారు.

మా చర్చిలో ఏది ఇచ్చినా ఇచ్చినవారి పేరు రాయడం ఆచారం. ఫ్యాను రెక్క మీద, బెంచీ వీపు మీద, ఆఖరికి గోడ గడియారం అద్దం మీద కూడా పేర్లే. ఆ పేర్ల వెనక ముల్లు దూరిందంటే పది నుంచి పన్నెండు దాకా మాకు టైము తెలియదు. ప్రసంగీకులకు అదొక సౌకర్యం.

అందుచేత పెయింటరు సోమన్నను పిలిపించారు. ల్యాప్‌టాప్ మూత సంఘపెద్ద గాబ్రియేలు గారి కీర్తిశేషులైన నాన్నగారికి పోయింది. మిగతావారికి మీటకొకరు చొప్పున తీర్మానించారు. అన్నిటికన్నా పొడుగు మీట గాబ్రియేలు గారికే. సోమన్న మీటలన్నిటికీ తెల్లరంగు పూసి, ఎర్రరంగుతో పేర్లు ముత్యాల్లా రాశాడు. పిడికెడు బియ్యం ఆడవాళ్లకు చోటు చాలలేదు. వాళ్లు మాత్రం ఏమనుకుంటారు, పాపం!

సోమవారం ప్రతిష్ఠ. అదే రోజు సాయంత్రం ఐదుకు కర్నూలు ఆసుపత్రిలో నర్సు ఉద్యోగాలకు గడువు. కూలికి పోయి కూతురు ప్రేమజ్యోతిని నర్సు చదివించిన విశ్వాసమ్మ పొద్దున్నే వచ్చి ముందు బెంచీలో కూర్చుంది. ఈసారి తప్పితే పిల్లకు వయసు దాటిపోతుంది. ఆ ఫారం ఫోనులో తెరుచుకోదు.

"ప్రియ సంఘమా! మన పితరులు కనని, వినని ఈ యంత్రరాజము..." అని మొదలుపెట్టిన గాబ్రియేలు గారు సాయంత్రం నాలుగింటికి ఆమెన్ అన్నారు. ప్రేమజ్యోతి పరుగున వచ్చి కూర్చుంది. చూస్తే మీటల మీద దాతల పేర్లే తప్ప ఒక్క ఇంగ్లీషు అక్షరం లేదు.

"పెద్దయ్యా, పేరు కొట్టల్ల. 'పి' యాడుండాది?"

"'పి' ఏంది పాపా? నువ్వు ఏలు పెట్టింది మన పెద్ద ఏసేపు మీట. మర్యాదగా నొక్కు," అన్నారు గాబ్రియేలు గారు.

విశ్వాసమ్మకు ఒళ్లు మండింది. కొంగుకున్న పిన్నీసు పీకి మీటల మీది రంగు గోకడం మొదలుపెట్టింది.

"ఏమ్మే, ఏం చేస్తాండావు? దాతల పేర్లవి!"

"పేర్లు మల్ల రాయించుకోండప్పా. నా బిడ్డకు వయసు మల్ల రాదు."

పెద్దలు తలా ఒక మీటకు చెయ్యి అడ్డం పెట్టారు. "నాది వద్దమ్మా, పక్కది గోకు," అని ఏసేపు వేడుకున్నాడు. ఆ తల్లి ఒక్కొక్క చెయ్యీ తోసేసి గోకింది. ఐదుకు ఎనిమిది నిమిషాలుండగా దరఖాస్తు పోయింది.

ఉద్యోగం వచ్చింది. పెద్దలు తమ పేర్లు మళ్లీ రాయించుకున్నారు. ప్రేమజ్యోతి మొదటి జీతంతో చర్చికి ఫ్యాను కొనిచ్చి, దాని మీద ఎవరి పేరూ వద్దంది. భేషైన ఫ్యాను. కానీ ఈ మండుటెండల్లో కూడా దాని కింద బెంచీ ఖాళీ. "ఎవురి గాలో తెలీకుండా ఎట్ల కూర్చునేదప్పా?" అంటారు గాబ్రియేలు గారు, చెమట తుడుచుకుంటూ.

మీరు నవ్వండి, పర్వాలేదు. కానీ పోయిన పెళ్లిలో మీరు చదివించిన స్టీలు బిందె మీద మీ పేరు కొట్టించలేదని గుండె మీద చెయ్యేసుకుని చెప్పండి.