బాతులకు రాని భాష

ఒక పెద్ద అడవిలో, ఈ చివరి వాళ్ళకు ఆ చివర పనేమీ ఉండదు గనక ఎవరూ పూర్తిగా చూడని అడవిలో, ఒక మడుగు ఉండేది. ఏటా కార్తీకం వచ్చేసరికి అందులో సైబీరియా బాతులు దిగేవి. అక్కడి మంచు పడలేక ఇక్కడికి వచ్చేవి. ఫాల్గుణంలో ఇక్కడి ఎండ పడలేక అక్కడికి పోయేవి. వాళ్ళకు ఎక్కడున్నా ఏదో ఒకటి పడదని అడవిలో అనుకునేవారు.

బాతులు మాట్లాడేది రష్యన్. అడవి మొత్తంలో ఆ భాష వచ్చినది వర్ధనమ్మ అనే గోరింకకు ఒక్కదానికే. ఒక ఏడు రెక్క బెణికి తిరిగి వెళ్ళలేకపోయిన ముసలి బాతు ఒకతె వేసవంతా ఇక్కడే ఉండిపోతే, పక్కన కూర్చుని నేర్చుకుంది. జాలితో కూర్చున్నానని వర్ధనమ్మ చెబుతుంది. ఆ వేసవిలో నీడా నీళ్ళూ ఒక్కచోట ఉన్నది అక్కడేనని మిగతావాళ్ళు చెబుతారు.

అప్పటినుంచీ ఆమె అడవి సభకు దుబాసీ. బాతులు దిగిన రోజున స్వాగత సభ పెడతారు. అడవివాళ్ళు చెప్పింది ఆమె రష్యన్‌లో చెబుతుంది, బాతులు చెప్పింది మన భాషలో చెబుతుంది. అందుకు ఆమెకు దక్కే మర్యాదలు రెండు. చెట్టున పండిన తొలి రేగుపళ్ళు ఆమెవి. సభ జరిగినంతసేపూ ఆమె కూర్చునేది అధ్యక్షుడి నెత్తిమీద. అధ్యక్షుడు ఏనుగు గనక అదేమీ చిన్న ఎత్తు కాదు.

రేగుపళ్ళు పోయినా వర్ధనమ్మ బాధపడేది కాదు. ఆ చోటే ఆమె ప్రాణం. అక్కడినుంచి చూస్తే పెద్దపెద్దవాళ్ళ నడినెత్తులన్నీ కనబడతాయి. పులిగారికి అక్కడ బొచ్చు పలచబడుతోందన్న సంగతి ఊరికే బయటికి రాలేదు.

ఆ ఎత్తు చూసి కడుపు మండినవాడు కార్యదర్శి నక్క. సభ పిలిచేది తను, గోల చేసేవాళ్ళను గదమాయించేది తను, తీర్మానం చదివేది తను. కూర్చునేది మాత్రం నేలమీద, అధ్యక్షుడు తుమ్మితే తడిసేంత దగ్గర.

ఒక వేసవిలో కోతులు అడవి బంగళా వరండాలోంచి ఒక చిన్న పుస్తకం ఎత్తుకొచ్చాయి. కొరికి చూసి పనికిరాదనుకున్నాక నక్కకు ఇచ్చాయి. అది ఎస్పెరాంటో అనే భాష నేర్పే పుస్తకం. నక్క దాన్ని చదివి, మీసం దువ్వుకుని, సభ పిలిచాడు.

"అధ్యక్షా, ఒక్క దుబాసీ నోటిమీద అడవంతా ఎన్నాళ్ళని ఆధారపడాలి? నా దగ్గర ఒక భాష ఉంది. పదహారు సూత్రాలు, అంతే. ఎవరి సొంతమూ కాదు, అందుకని అందరిదీ."

"ఎవరిదీ కాకపోతే ఎక్కడినుంచి ఊడిపడింది?" అంది అడవిపంది సూరమ్మ. పిల్లలను వెంటేసుకుని ప్రతి సభకూ వచ్చి, వాళ్ళను కేకలేస్తూనే చర్చలో పాల్గొనడం ఆమె పద్ధతి.

"ఒక కళ్ళ డాక్టరు కూర్చుని తయారుచేశాడు."

"పళ్ళ డాక్టరు చేసి ఉంటే నోటికి ఇంకాస్త బాగుండేది."

ఏనుగు చెవులు విసురుకుంటూ ఆలోచించాడు. "నేర్చుకోవడమంటూ ఉంటే బాతుల భాషే నేర్చుకోవచ్చుగా? వచ్చేది వాళ్ళు. వాళ్ళ భాష వాళ్ళకు వస్తుంది గదా."

ఇంత తెలివైన మాట ఆ సభలో అంతకుముందెన్నడూ రాలేదు. దాన్ని ఎవరూ పట్టించుకోకుండా చూడవలసిన అవసరం వెంటనే ఇద్దరికి కలిగింది. ఒకడు నక్క. రెండోది వర్ధనమ్మ.

అందరికీ రష్యన్ వచ్చేస్తే ఇక తనెందుకు? ఏనుగు నెత్తిమీద ఆమె గోళ్ళు బిగుసుకున్నాయి. ఏనుగుకు దురద తీరినట్టై కళ్ళు మూసుకున్నాడు.

"నేర్చుకోండి నాయనా, ఎవరొద్దన్నారు?" అంది వర్ధనమ్మ నెమ్మదిగా. "రష్యన్‌లో ఆరు విభక్తులు. ఒక్కో విభక్తికి మాట తోక మారిపోతుంది."

"ఆరా?" అని సభంతా గొల్లుమంది. అడవిలో బతికేవాళ్ళకు అన్ని విభక్తులతో ఏం పని అని, పిల్లలతో చెబితే జడుసుకుంటారని, మన భాషకు అలాంటి రోగాలు లేవని తలా ఒక మాటన్నారు. అలా అంటూనే మన విభక్తులు ఎనిమిదింటినీ వాడేశారు. ఎవరూ గమనించలేదు.

"వెళ్ళడానికి ఒక మాట లేదు," అంది వర్ధనమ్మ, దెబ్బ తగిలిందని గ్రహించి. "నడిచి వెళ్తే ఒకటి, ఎగిరి వెళ్తే ఒకటి, ఈది వెళ్తే ఒకటి. అటే వెళ్తే ఒకటి, వెళ్ళి తిరిగొస్తే ఇంకొకటి."

"ఆ లెక్కన ఇంట్లో ఉండడమే నయం," అంది సూరమ్మ.

"సులువైనదేదీ లేదా అందులో?" అన్నాడు ఏనుగు ఆశగా.

ఉంది. 'ఇది చెట్టు' అనడానికి మనలాగే రష్యన్‌లోనూ రెండు మాటలు చాలు. ఎస్పెరాంటోలో మధ్యన ఇంకొకటి తగిలించాలి. ఇందులో రష్యన్ సంగతి వర్ధనమ్మ నాలుకదాకా వచ్చింది. మింగేసింది. "లేదు నాయనా," అంది.

ఇక భయపడి అందరూ ఉన్నదున్నట్టు ఉండనిస్తారని ఆమె అంచనా. నక్క లేచి ఆమెకు దణ్ణం పెట్టాడు.

"వర్ధనమ్మగారు నా పని తేలిక చేశారు. నా భాషలో పేర్లన్నీ 'ఓ' తో ముగుస్తాయి. గుణాలన్నీ 'ఆ' తో ముగుస్తాయి. 'మంచి'కి ముందు 'మల్' అంటిస్తే 'చెడు'. 'వేడి'కి ముందు అంటిస్తే 'చలి'. సగం మాటలు నేర్చుకుంటే మిగతా సగం వాటంతటవే వస్తాయి."

"ఎవరు మాట్లాడతారు దీన్ని?" అన్నాడు ఏనుగు.

"నేర్చుకున్నవాళ్ళందరూ."

"బాతులు నేర్చుకున్నారా?"

"ఇంత సులువైన భాష రాకుండా ఎందుకుంటుంది అధ్యక్షా?"

సభకు ఈ జవాబు బాగా నచ్చింది. చేతులూ రెక్కలూ లేచాయి. ఎస్పెరాంటో నెగ్గింది, దుబాసీ పదవి రద్దయింది. ఏనుగు తొండం మెల్లగా పైకెత్తి, ఇబ్బందిగా, "దిగమ్మా" అన్నాడు.

ఉన్నమాట చెప్పుకోవాలి గనక, నక్క చెప్పినదాంట్లో అబద్ధం లేదు. వానలు తగ్గేసరికి అడవిలో అందరికీ ఎస్పెరాంటో వచ్చేసింది. సూరమ్మ పెద్దకొడుకు అందులో కవిత్వం కూడా చెప్పాడు. అది అందరికీ అర్థమైంది. దానిలో ఉన్న లోపం అదొక్కటే. తిట్టడానికి మాత్రం సూరమ్మ పాత భాషే వాడేది. "'మల్ మంచివాడా' అంటే వీడికి తగలడంలేదు, సంతోషంగా చూస్తున్నాడు" అనేది.

వర్ధనమ్మ అడవిదున్న వీపుకు మారింది. అక్కడినుంచి కనబడేవి దున్న వీపు, దానిమీది ఈగలు. పలకరించినవాళ్ళకు 'నాకు హాయిగా ఉంది' అని చెప్పేది. అడగనివాళ్ళకు కూడా చెప్పేది. అందరితోపాటు ఎస్పెరాంటో నేర్చుకోమంటే మూతి తిప్పుకుంది గానీ, పొదచాటున కూర్చుని పాఠాలన్నీ వింది.

కార్తీకంలో బాతులు దిగాయి. నక్క రాయెక్కి, రొమ్ము విరిచి, "బొన్‌వేనోన్" అని మొదలుపెట్టి పొద్దు వాలేదాకా ఎస్పెరాంటోలో స్వాగతం చెప్పాడు. అడవంతా అర్థమై తలలూపింది. బాతులు ఒకళ్ళ మొహాలొకళ్ళు చూసుకున్నాయి. వాళ్ళ పెద్ద ఇగ్నాత్ గొంతు సవరించుకుని రష్యన్‌లో రెండు మాటలన్నాడు. అడవంతా అర్థంకాక తలలూపింది.

తరువాత తలలన్నీ దున్న వీపువైపు తిరిగాయి.

వర్ధనమ్మ తొందరపడలేదు. ఒక ఈక సర్దుకుంది. సర్దుకున్న ఈకనే మళ్ళీ సర్దుకుంది.

"ఏమంటున్నారమ్మా?" అన్నాడు ఏనుగు.

ఇగ్నాత్ అన్నది, "పాపం ఎంత చక్కగా నేర్చుకున్నారో, ఏ భాషో మరి. తినడానికేమైనా పెడతారా?" అని. అది చెబితే తిండి పెడతారు. తన చోటు తనకు ఇస్తారని నమ్మకమేమిటి? వర్ధనమ్మ మొహం బరువుగా పెట్టింది.

"మండిపడుతున్నారు నాయనా. ఘోరమైన అవమానమట. పాత దుబాసీని పాత చోట కూర్చోబెట్టకపోతే ఇప్పుడే తిరిగి వెళ్ళిపోతారట."

అధ్యక్షుడు హడలిపోయి తొండం దించాడు. వర్ధనమ్మ దానిమీద ఒక కాలు పెట్టింది.

"మేం అలా అనలేదు తల్లీ," అన్నాడు ఇగ్నాత్, మన భాషలో.

ఆ కాలు అక్కడే ఉండిపోయింది.

"మీకు మా భాష వచ్చా?" అన్నాడు ఏనుగు.

"తాతలనాటినుంచి వస్తున్నాం. ఏడాదిలో సగం ఇక్కడే పడుంటాం. రాకుండా ఎలా ఉంటుంది బాబూ? సూరమ్మగారు పిల్లలను కేకలేస్తుంటే విని మా పిల్లలకు కూడా వచ్చేసింది."

"ఏ మాటలు వచ్చాయి?" అంది సూరమ్మ.

"అవే."

"మరి ఇన్నాళ్ళూ చెప్పలేదేం?"

"ఎవరడిగారు? మీరెప్పుడూ మాతో మాట్లాడలేదు గదా. ఆవిడతో మాట్లాడేవారు."

నక్క ఒక్క గెంతున లేచాడు. "విన్నారా అధ్యక్షా? అబద్ధాల దుబాసీ. ఇక ఆమెను సభ ఛాయలకు రానివ్వకూడదు. ఇకమీదట బాతులతో నేనే సూటిగా మన భాషలో మాట్లాడతాను. స్వాగతం మళ్ళీ మొదటినుంచి చెబుతాను."

వర్ధనమ్మ కాలు వెనక్కి తీసుకుంది. ఈసారి సర్దుకోవడానికి ఈకలేవీ కనబడలేదు.

బాతులు మాత్రం గుంపుగా చేరి కంగారుగా గుసగుసలాడుకున్నాయి. ఇగ్నాత్ ముందుకొచ్చాడు.

"ఒక మనవి అధ్యక్షా. ఆవిడను మళ్ళీ పైన కూర్చోబెట్టండి."

"మీకు భాష వచ్చాక దుబాసీ దేనికయ్యా?"

"వచ్చు గనకనే. కార్యదర్శిగారు ప్రతి ఏడూ పొద్దు వాలేదాకా మాట్లాడతారు. మాకు అర్థంకానట్టు నీళ్ళలో కాళ్ళు ఆడించుకుంటూ కూర్చునేవాళ్ళం. చివర ఆవిడ 'రండి, కూర్చోండి, తూర్పువైపు లోతెక్కువ' అని ఒక్క ముక్కలో తేల్చేసేది. ఇప్పుడు మాకు భాష వచ్చునని తెలిసిపోయింది. నిజంగా వినాలి. మధ్యలో తలలూపాలి. చాలా దూరం ఎగిరొచ్చినవాళ్ళం, మాకంత ఓపిక లేదు."

ఏనుగు చాలాసేపు నక్కను చూశాడు. అవే స్వాగతాలు ఏటేటా ఆయన కూడా విన్నాడు. ఆయనకు నీళ్ళలో కాళ్ళు ఆడించే వీలు కూడా లేదు.

అప్పటికప్పుడు తీర్మానం చేశారు. బాతులకు మన భాష రాదు. సభ ఇగ్నాత్‌ను విచారిస్తే, ఆయన లేచి, "మాకు మీ భాష ఒక్క ముక్క రాదండీ" అని మన భాషలో స్పష్టంగా వాంగ్మూలం ఇచ్చాడు. సభ నమ్మింది. నక్క మనసు నొప్పించకుండా స్వాగతం ఎస్పెరాంటోలోనే ఉండాలని, వర్ధనమ్మ దాన్ని రష్యన్‌లోకి మార్చాలని కూడా ఒప్పుకున్నారు.

"ఆమెకు ఎస్పెరాంటో రాదు గదా," అన్నాడు నక్క, ఆఖరి ఆశగా.

"ఒక్క ముక్క రాదు," అంది వర్ధనమ్మ, అప్పటికే ఏనుగు నెత్తిమీదనుంచి.

నీతి: ఎన్ని భాషలైనా నేర్చుకోవచ్చు, వచ్చునని మాత్రం సభలో ఒప్పుకోకూడదు.