గోడ మీది సామ్రాజ్యం

అత్తగారు వంటింటి పడమటి గోడను పాతగుడ్డతో ఒత్తి తుడుస్తుండగా, సంస్కృతి శాఖ మంత్రిగారు టీవీలో జాతికి చరిత్రను ప్రసాదించారు.

"మనకు చరిత్ర లేదని ఇన్నాళ్ళూ కొందరు వెక్కిరించారు. ఇవాళ్టి నుంచి ఉంది!" అంటూ ఆయన ఒక లావుపాటి పుస్తకాన్ని పైకెత్తారు. సభ లేచి నిలబడి చప్పట్లు కొట్టింది.

"అత్తయ్యా, అది నా నవల," అంది కోడలు, కూర తరుగుతున్న కత్తి ఆపి.

నిజమే. రెక్కల గుర్రాలు, మాట్లాడే కోటలు, సముద్రాన్ని ఏలిన మహారాణి ఉన్న నవల అది. మంత్రిగారి శాఖ లైబ్రరీవాళ్ళు అట్ట మీద సరిగ్గా 'నవల' అన్న మాట మీదే నంబరు స్టిక్కరు అంటించారు. మంత్రిగారు నిష్కల్మషులు. అచ్చయినదాన్ని నమ్ముతారు.

లేని లోకాన్ని కట్టేవాళ్ళు ముందుగా మ్యాపు గీసుకోవాలట. కోడలికి బొమ్మలు గీయడం రాదు. అందుకని వంటింటి గోడ మీది చెమ్మ మరకకు ట్రేసింగ్ పేపరు ఆనించి, అంచులు దిద్ది, దాన్నే సామ్రాజ్యం చేసింది. గోడకు అవతల దర్జీ వదిన ఇల్లు. ఆవిడ కుళాయి గొట్టం కారడం వల్లే ఆ మరక. సామ్రాజ్యానికి శత్రువులు కావాలి కాబట్టి కోడలు వాళ్ళనూ గోడ అవతలి నుంచే తెచ్చుకుంది. నవలలో పడమటి దాహగణం మెడలో కొలతపట్టీ వేసుకుంటుంది, నేల మీద సుద్దతో గీతలు గీస్తుంది, పళ్ళ మధ్య సూదులు పట్టుకుని మాట్లాడకుండా నదులన్నీ తాగేస్తుంది.

పుస్తకం వచ్చినప్పుడు దర్జీ వదిన పడీ పడీ నవ్వింది. "నన్ను రాక్షసిని చేశావటే పిల్లా! పోనీ, ఒక రెక్కల గుర్రమన్నా ఇవ్వకపోయావా?"

మంత్రిగారి ప్రకటన తర్వాత ఆయన శాఖ డైరెక్టరుగారు పండితులను వెంటేసుకుని వంటింట్లోకి వచ్చారు.

"సార్, ఇదంతా నేను కల్పించి రాశాను," అంది కోడలు.

డైరెక్టరుగారు జాలిగా చూశారు. "అమ్మా, మీరు కథలు రాసేవారు. చరిత్ర విషయంలో మీ మాట ఎలా నమ్మమంటారు?"

పండితులు మ్యాపును గోడకు ఆనించి చూశారు. వెంట్రుకవాసి తేడా లేదు. పుస్తకం నిజమని గోడ చెప్పింది, గోడ పురాతనమని పుస్తకం చెప్పింది. ఇంత గట్టి సాక్ష్యం చరిత్రలో అరుదు.

"అది నీళ్ళ మరక నాయనా," అన్నారు అత్తగారు.

"సముద్రాన్ని ఏలిన సామ్రాజ్యం కదమ్మా, నీళ్ళుండవూ?"

"మరి గుర్రాల ఎముకలేవి?"

"దొరకలేదంటే ఎగిరిపోయాయనేగా!" అన్నాడు పెద్ద పండితుడు. మిగతావాళ్ళు తలలూపారు.

ఆ వారం వానలు కురిసి సామ్రాజ్యం పొయ్యి దాకా విస్తరించింది. మంత్రిగారికి అభినందనలు వెల్లువెత్తాయి. ఇంతవరకూ ఏ మంత్రీ కుర్చీ దిగకుండా ఇంత నేల గెలవలేదు.

అప్పుడొచ్చింది అసలు ప్రశ్న. ఇంత గొప్ప సామ్రాజ్యం ఇప్పుడు లేదంటే, ఎవరో ఒకరు కూల్చి ఉండాలి కదా? జవాబు పుస్తకంలోనే ఉంది. ఊళ్ళో మెడలో టేపు వేసుకున్న వాళ్ళందరికీ నోటీసులు వెళ్ళాయి: 'మీ పూర్వీకులు మా నదులను ఎందుకు తాగిరో తెలుపవలెను.' దర్జీ వదిన ఇల్లు, కుట్టుమిషను ఉన్న ముందు గదితో సహా, మింగిన నది ముఖద్వారం మీద ఉన్నట్టు తేలింది. నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి.

దర్జీ వదిన ఏడవలేదు. రెంచి అరువు తెచ్చుకుని గొట్టం బిగించింది.

"ఇన్నేళ్ళుగా మొత్తుకున్నా కదల్లేదు కదే!" అన్నారు అత్తగారు.

"శత్రువుగా ప్రమోషన్ ఇచ్చారు వదినా, బాధ్యత పెరిగింది," అంది, పంటి కింద గుండుసూదుల మధ్య నుంచే. "మరక ఆరితే సామ్రాజ్యం లేదు. సామ్రాజ్యం లేకపోతే ఇక నేనెవరి నదులు తాగానంటారు? నువ్వు మాత్రం ఆ గోడను ఆరనీ."

"ఆరనీయక? నీళ్ళు పోసి పెంచుతానా ఏంటి!"

వానలు వెనకపట్టాయి. గోడ ఆరసాగింది. ముందు ఉత్తరాన రెండు కోటలు పోయాయి, తర్వాత రేవు పోయింది. మాతృభూమిని ఎవరికి అమ్ముకున్నారని ప్రతిపక్షం సభలో మంత్రిగారిని నిలదీసింది.

డైరెక్టరుగారు మళ్ళీ వచ్చారు. కోపంగా కాదు, బహుమతులతో. కోడలిని జాతీయ చరిత్రకారిణిగా నియమించారు. కారు, క్వార్టర్సు, రెండో సంపుటానికి ఆర్డరు. అత్తగారి చేతిలో ప్రభుత్వ ముద్ర వేసిన కొత్త మగ్గు పెట్టారు.

"రోజూ పొద్దున్నే కాస్త చిలకరిస్తే చాలమ్మా. పరిరక్షణ అంటారు దీన్ని."

"నేను చేయను," అన్నారు అత్తగారు.

"మీ ఇష్టం. అయితే గోడను మ్యూజియానికి తరలించాల్సి వస్తుంది. గోడతో పాటు పైకప్పు కూడా వస్తుందనుకోండి."

అత్తగారు పైకప్పు వైపు చూశారు. కోడలు కిటికీలోంచి కారు వైపు చూసింది.

మర్నాడు పొద్దున దర్జీ వదిన ఎప్పటిలాగే పెరటి గుమ్మంలోంచి వచ్చింది, కుట్టిన దిండు గలీబులు చేతిలో పట్టుకుని. అత్తగారు గోడ ముందు నిలబడి ఉన్నారు. మగ్గులోంచి చివరి చుక్కలు కారుతున్నాయి. గోడ మీద రేవు మళ్ళీ తేలింది.

"పడమటి వైపు ఇంకొంచెం అత్తయ్యా," అంటోంది కోడలు, మ్యాపు చూస్తూ. "అక్కడ సరిహద్దు పల్చబడింది."

అత్తగారు వెనక్కి తిరిగారు. "వదినా, కూర్చో. టీ పెడతాను," అన్నారు మగ్గు కొంగు చాటుకు లాక్కుంటూ.

ఆ పూట దర్జీ వదిన నోట్లో గుండుసూదులు లేవు. నేలంతా తడిగా ఉంటే పొడి చోటు వెతికి గలీబులు అక్కడ పెట్టింది. మడత సరిచేసింది. వచ్చిన గుమ్మంలోంచే, ఏమీ అనకుండా వెళ్ళిపోయింది.