బొటనవేలికి సెలవు

ఆ పొద్దున వినోద వేసిన పథకం చాలా చిన్నది. మొగుడి కుడిచేతి బొటనవేలికి ఒక వారం సెలవు ఇప్పించాలి.

పరమేశ్ ఊరొదిలి వలసొచ్చి, పాండేసరలో బట్టల అద్దకం మిల్లులో పనిచేస్తాడు. అతని గోళ్ళు చూసి ఆ వారం మిల్లులో ఏ రంగు నడుస్తోందో చెప్పడం కొత్త పెళ్ళికూతురు వినోదకు భలే సరదా. కానీ ఆ రంగులే అతని వేలి గీతల్ని తినేశాయి. పెళ్ళికి ఊరెళ్ళినప్పుడు మండలాఫీసులో పట్టా మార్పిడికి వేలు పెడితే, కొత్త పెళ్ళాం ఎదుటే మిషను అతణ్ణి గుర్తుపట్టనంది.

అతని తండ్రి ముత్యం మొదటి లాక్‌డౌన్‌లో ఊళ్ళో పోయాడు. రైళ్ళు లేవు. పరమేశ్ ఇక్కడే నవాగామ్‌లోని అద్దె గదిలో కూర్చుని తండ్రి చితిని ఫోనులో చూశాడు. రెండెకరాల పట్టా ఇంకా ముత్యం పేరు మీదే ఉంది. అది మారితే తప్ప పెట్టుబడి సాయం రాదు. అది రాకపోతే తల్లి గంగవ్వ విత్తనాలు కొనలేదు, చేను బీడై పడావు పడుతుంది. తల్లి పేరు మీద చేయమని పరమేశ్ అప్పుడే సంతకం చేసి కాగితం పంపాడు. "ఆయన జాగల నేను కూసుంటనా?" అని గంగవ్వ దాన్ని పెట్టెలో పడేసింది. ఇప్పుడు, కరోనా రెండోసారి ముదురుతున్న రోజుల్లో, పరమేశ్ పేరు ఎక్కించడానికి మండలాఫీసులో సోమవారానికి మళ్ళీ స్లాటు దొరికింది.

"కొబ్బరినూనె రాసి, పనిల పెట్టకుంటె గీతలు తేల్తయి బావా. నేను డిగ్రీ చదివిన," అంది వినోద. చదివింది బీకాం.

"సెలవు ఎవడిస్తడు?"

"జరమొచ్చిందని చెప్పు."

పరమేశ్ ఫోన్ చేశాడు. నమ్మకం కుదరడానికి పక్కనుంచి వినోద రెండుసార్లు దగ్గింది.

"బుఖార్?" సూపర్‌వైజర్ కేక గదంతా వినిపించింది. "అరే భాయ్, ఇధర్ మత్ ఆనా!"

ఇటు రావద్దన్నాడు, సెలవు ఇంత సులువా అని వినోద పొంగిపోయి పాయసం పొయ్యి మీద పెట్టింది. అది దింపేలోపే సూపర్‌వైజర్ కబురందుకుని కరోనా డ్యూటీ తెల్ల సూట్లవాళ్ళు వచ్చి తలుపుకి కాగితం అంటించారు. రెండు వారాలు గడప దాటకూడదు. సోమవారం స్లాటు పోయినట్టే.

"జరం లేదు సార్!" అన్నాడు పరమేశ్ హిందీలో.

"సబ్ యహీ బోల్తే హైఁ," అందరూ అనేది ఇదేనని కొట్టిపారేసి వాళ్ళు వెళ్ళిపోయారు.

వాళ్ళ ఊరి నుంచే వచ్చిన పక్కింటి సారక్క కిటికీ రెక్క వేలెడంత తెరిచింది. "ఓ పిల్లా, నీ మొగనికి ఆక్సిజన్ గిట్ల పెట్టిన్రా?"

"లేదక్కా, నూనె రాస్తున్న!"

నూనె రాస్తున్నారంటే డాక్టర్లు చేతులెత్తేశారన్నమాటే అనుకుంది సారక్క. ఊరికి ఫోన్ చేసింది. అక్కడ ఒక్కో ఫోనుకూ పరమేశ్ జబ్బు ముదురుతూ పోయింది. కబురు గంగవ్వకు చేరేసరికి అతనికి మాటే పడిపోయింది. పరమేశ్ ఎన్నిసార్లు చేసినా ఆమె ఫోనెత్తలేదు. సోమవారం సాయంత్రం ఎత్తింది.

"అమ్మా, నేనే."



"నువ్వేనా బిడ్డా? ఫోన్ మోగుతుంటె ఎత్త భయమైంది. మీ బాపును నువ్వు ఫోన్ల సూసినవ్. నిన్ను నేను గట్ల సూడలేను."

"నాకేం కాలేదే." వేలి సంగతంతా చెప్పాడు. నవ్వుతుందనుకున్నాడు. గంగవ్వ నవ్వలేదు.

"ఇయ్యాల మండలాఫీసుకు పోయిన. నీ కాయితం ఇచ్చి నా పేరెక్కియ్యిమన్న. ఏలు పెట్టంగనే మిషన్ పట్టింది."

"ఇన్నొద్దులు వద్దంటివి కదనే?"

"మీ బాపు పేరు కొట్టేపియ్యనీకే పానం పోయింది. నీ పేరు రాపిచ్చి, దాన్ని గూడ నేనే కొట్టేపియ్యాల్నా? నా పేరు ఉండనీ. దాన్ని మీరు కొట్టేపియ్యుండ్రి. గట్ల వరుసల పోతెనే మంచిగుంటది."

వినోద అతని చెయ్యి పట్టుకుంది. నూనె జిడ్డుకి జారిపోయింది. మళ్ళీ పట్టుకుంది.

గడువు తీరేసరికి పరమేశ్ బొటనవేలి మీద గీతలు ఒక్కటి కూడా తెగకుండా తేలాయి. వినోద ఆ వేలిని కిటికీ వెలుతురులో తిప్పి తిప్పి చూసుకుంది.

మర్నాడు అతను డ్యూటీకి వెళ్ళాడు. ఆ వారం మిల్లులో నీలం నడుస్తోంది.