గీత దాటని రాక్షసి

ఉప్పుదిబ్బ పేటను కూల్చడానికి సముద్రపు రాక్షసికి నగరపాలక సంస్థ అనుమతి ఇచ్చిన రోజున, దాన్ని అడ్డుకునే ఉద్యోగంలో ఉన్న పైడమ్మకు సెలవు దొరకలేదు.

పైడమ్మ గాల్లో ఎగరగలదు. నిండు లారీని ఒంటిచేత్తో ఎత్తగలదు. అలాంటివాళ్లకు వేరే పోస్టు లేకపోవడంతో పారిశుద్ధ్య విభాగంలో కాంట్రాక్టు మీద తీసుకున్నారు. రాక్షసి ఒడ్డెక్కినప్పుడల్లా కొమ్ములు పట్టుకుని మళ్లీ సముద్రంలోకి నెట్టి వచ్చేది. ఆమె యూనిఫాం ఆరేలోగా ఊరు ఆ సంగతి మరిచిపోయేది.

ఈసారి కమిషనరు స్వయంగా పిలిపించారు.

"ఉప్పుదిబ్బ మీదుగా రోడ్డు వెడల్పు చేయాలమ్మా. కోర్టు స్టే ఉంది. అది మనకు వర్తిస్తుంది గానీ రాక్షసికి వర్తించదు," అన్నారు సౌమ్యంగా. "సున్నంతో గీత గీయించాం. అవతల అపార్ట్‌మెంట్లున్నాయి. అది గీత దాటకుండా నువ్వు చూడాలి."

"అక్కడ మా పిన్ని ఉందండి."

"మరీ మంచిది. తెలిసినవాళ్లు చెబితే జనం గొడవ చెయ్యరు." ఆయన ఒక ఈల చేతికిచ్చారు. "నువ్వు ఊదాకే అది మొదలుపెడుతుంది. అంతా పద్ధతిగా జరగాలి."

పైడమ్మ వెళ్లేసరికి రాక్షసి వీధి చివర, ఆటోలకు అడ్డం రాకుండా కాళ్లు ముడుచుకుని కూర్చునుంది. దాని పక్కనుంచే జనం బిందెలూ పరుపులూ మోసుకుపోతున్నారు. పిన్ని అప్పలనర్సమ్మ గుమ్మంలో నిలబడి ఉంది. తల్లి లేని పైడమ్మను పెంచింది ఆవిడే. పైడమ్మ మొదటిసారి గాల్లోకి లేచిందీ ఆ ఇంట్లోనే. నెత్తి దూలానికి కొట్టుకుని బొప్పి కడితే, పిన్ని పసుపు రాసి, "బయటికెల్లి ఎగురే," అని కసిరింది.

"పిన్నీ, నాను దీన్ని ఆపగల్ను. ఒక్క గుద్దు సాలు."

"ఆపితే ఏటవుద్ది?"

"ఉజ్జోగం పోద్ది."

"నీ ఉజ్జోగం పోయినాక, రేపు అది మల్లీ వొస్తే ఎవులాపుతారే?"

పైడమ్మ లోపలికెళ్లి బీరువా, మంచం, గ్యాసు పొయ్యి బయటికి తెచ్చింది. వీధిలో మంచం పట్టక ఆగిపోతే రాక్షసి తోక పక్కకు జరిపి దారిచ్చింది.

పైడమ్మ ఈల నోట్లో పెట్టుకుంది. ఊదలేదు. రాక్షసి తల వంచుకుని ఓపిగ్గా చూస్తోంది. కొండరాళ్లు పిండి చేసిన పైడమ్మ పిడికిలి ఒకసారి బిగుసుకుంది, వదులైంది.

"ఊదీయే అమ్మా," అంది పిన్ని. "ఎండెక్కిపోతంది. దానికీ కష్టమే."

ఊదింది.

పని శుభ్రంగా జరిగింది. పిన్ని ఇంటి దూలం విరిగినప్పుడు పైడమ్మ కళ్లు మూసుకుంది. ఆ కాసేపట్లోనే రాక్షసి పంజా ఒకటి గీత దాటింది. వెంటనే ఎగిరివెళ్లి దాన్ని మెలితిప్పి వెనక్కి తోసింది. అపార్ట్‌మెంట్ల బాల్కనీల్లోంచి చప్పట్లు మోగాయి. ఎవరో పూలు చల్లారు.

పునరావాసం షెడ్లు ఊరికి దూరంగా వేశారు. బస్సు లేదు. పైడమ్మ పిన్నిని వీపున ఎక్కించుకుని గాల్లోకి లేచింది. పిన్ని ఎన్నడూ ఎగరలేదు. భయంతో మెడ పట్టుకుని చాలాసేపు కళ్లు మూసుకునే ఉంది. తర్వాత మెల్లగా తెరిచి, కింద తమ పేట ఉన్న చోటికి చూసింది.

"రోడ్డు బలే తిన్నగా వొచ్చిందే," అంది.