సలాం కొట్టే కారు

ప్రమీల పోయిన రోజున దత్తాత్రి సారు ఇంట్లో భార్యతో పాటు డ్రైవరు కూడా లేకుండా పోయింది. ఆ ఇంట్లో కారు నడపడం వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. సారు పక్క సీట్లో కూర్చుని, ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని, దారి పొడుగునా ఏదో ఒకటి అడుగుతుండేవారు. ఆ ఎర్ర దీపం ఎందుకు వెలిగింది, అద్దం మీద ఆవిరి లోపల పట్టిందా బయట పట్టిందా, ఇంజను వేడెక్కిందని ముల్లుకు ఎట్లా తెలుస్తుంది. బతుకంతా పిల్లలకు ఫిజిక్స్ చెప్పిన మనిషికి ప్రశ్న లేకుండా ప్రయాణం సాగదు. ఆమె తెలిసినంత చెప్పేది. తెలియనప్పుడు "జరసేపు బయటికి చూడుండ్రి" అనేది.

ఆమె పోయాక కారు చాలా నెలలు కదలలేదు. ఆ తర్వాత సారు ఎవరితోనూ చెప్పకుండా డ్రైవింగ్ స్కూల్లో చేరి, తన దగ్గర చదువుకున్న కుర్రాడి దగ్గరే పాఠం నేర్చుకుని, లైసెన్సు తెచ్చుకున్నారు. పగటి పూట సిద్దిపేట బజారు దాకా వెళ్లి వచ్చేవారు. పొద్దుగూకితే మాత్రం తాళం చెవి మేకుకే వేలాడేది.

ఆ ఆదివారం పొద్దున ఆయన అనుకున్న పని చిన్నదే. చిన్నకోడూరులో ప్రమీల అక్క రామవ్వ మక్క కంకులు ఇస్తానంది. వెళ్లి తెచ్చుకుని, మధ్యాహ్నం భోజనానికి ఇంటికి చేరాలి. చొక్కా గుండీలు పెట్టుకుంటుండగా కూతురు భరణి వచ్చింది. వెనకే పక్కింటి రత్నాకర్ వచ్చాడు. బట్టల కొట్టు ఆయనది. ఆ కారు మీద కన్నేసి చాలా రోజులైంది. వస్తూ వస్తూనే కారు చుట్టూ ఒకసారి తిరిగి, పెళ్లిచూపులకు వచ్చినట్టు తల ఊపాడు.

"బాపూ, రత్నాకర్ అంకుల్ కారు కొంటనంటుండు," అంది భరణి.

"నేను అమ్ముతనని అనలేదు గదా."

"పొద్దుగూకితె నువ్వు నడపవు. ఎండల తిరిగెటందుకు కారెందుకు బాపూ? గొడుగు సాలదా?"

"పొద్దుగూకినంక గూడ నడుపుత."

"ఎప్పుడు?"

సారు ఆలోచించకుండా మాట్లాడడం చాలా అరుదు. ఆ పొద్దున ఆ అరుదైన పని చేశారు. "ఇయ్యాలనే," అన్నారు.

భరణి బ్యాంకులో పని చేస్తుంది. నోటి మాటను అక్కడికక్కడే ఒప్పందంగా మార్చడం ఆమెకు అలవాటు. "సరే. పెద్దమ్మ కాడ సాయంత్రం దాక ఉండు. చీకటి పడ్డంక బయలెల్లి రా. తొవ్వల ఎవ్వలు గూడ నీ డ్రైవింగు మీద ఒక్క మాట అనొద్దు. అన్నరనుకో, రేపు పొద్దుగాల తాళాలు అంకుల్ చేతుల పెడుత."

"అన్నరో లేదో నీకెట్ల తెలుస్తది?"

"నేను పోత సాక్షిగ," అన్నాడు రత్నాకర్, వచ్చినప్పటి నుంచి చెప్పులు కూడా విడవకుండా నిలబడి.

సారు కారెక్కారు. ప్రమీల పొట్టి మనిషి. తన కాళ్లకు అందేటట్టు సీటును బాగా ముందుకు జరిపి పెట్టుకుంది. సారు పొడగరి. ఆ సీట్లో ఆయన గొడుగు మడిచి పెట్టినట్టు కూర్చుంటారు. మోకాళ్లు పైకి, మోచేతులు పక్కలకు, చక్రం దాదాపు ఛాతీకి ఆనుకుని.

"సీటు ఎన్కకు జరుపుకో బాపూ," అంది భరణి.

"మంచిగనే ఉన్నది," అన్నారు సారు.

చిన్నకోడూరులో భోజనమయ్యాక రత్నాకర్ రామవ్వ అరుగు మీద గుర్రు పెట్టాడు. సారు కారుతో వచ్చిన పుస్తకం తీసి లైట్ల పాఠం రెండుసార్లు చదివారు. ఎంత చదివితే అంత ముచ్చటేసింది. చక్రం పక్కనున్న కాడను ఆటోలో పెడితే చాలు, చీకటి పడగానే దీపాలు వాటంతటవే వెలుగుతాయి. దారి ఖాళీగా ఉంటే వెలుగు పైకి లేస్తుంది. ఎదురుగా ఇంకో బండి దీపం కనిపిస్తే కిందికి దిగుతుంది. దీపానికి కన్నుంది! కింద చిన్న అక్షరాల్లో, ఇంత చేసినా బాధ్యత నడిపేవారిదే అని రాసి ఉంది. అది చదివి సారు తలాడించారు. ఆయన క్లాసులో పిల్లలు తలాడించేది కూడా ఇట్లాగే.

ప్రమీల ఆ ఆటో జోలికి పోయేది కాదు. లైటు ఎప్పుడూ చేత్తోనే దించేది. ఎదుటివాడు దించకపోయినా దించేది. "ముందు మనం దించాలె. ఆయన దించుతడా లేదా అన్నది ఆయన ఇంటి సంగతి," అనేది.

చీకటి పడుతుండగా బయలుదేరారు. ఊరి చివరి మలుపు దాటగానే దీపాలు వాటంతటవే వెలిగాయి. సారు మొహం కూడా వెలిగింది.

"చూసిన్రా రత్నాకర్ గారూ! నేను ముట్టుకోలేదు."

"చూస్తున్న, చూస్తున్న," అన్నాడు రత్నాకర్, రోడ్డు వైపు కాకుండా సీటు కవర్ల వైపు చూస్తూ.

ఎదురుగా మొదటి బండి వచ్చింది. ఒక మోటారు సైకిలు, మీద ముగ్గురు కుర్రాళ్లు. సారు కళ్లు చిట్లించారు. చక్రం గట్టిగా పట్టుకున్నారు. దీపాలు దిగాల్సింది పోయి ఒక్క క్షణం భగ్గున పైకి లేచి, అప్పుడు దిగాయి. బండి ఆగింది. ముగ్గురిలో ఒకడు దిగి, ఆ ఇద్దరూ తనకేమీ కానట్టు పక్కన నడవడం మొదలుపెట్టాడు. నడిపే వాడు హ్యాండిలుకు వేలాడుతున్న హెల్మెట్ తీసి తలకు పెట్టుకుని, సారుకు సలాం చేశాడు.

"మన స్టూడెంటు అయ్యుంటడు," అన్నారు సారు.

ఆ దారిలో ఒక అలవాటుంది. ఎదురుగా వచ్చే బండి లైటు ఒకసారి పైకెత్తి దించిందంటే, ముందు పోలీసులు ఆపుతున్నారని అర్థం. ఆ దారిలో బండి నడిపే ప్రతి ఒక్కరికీ ఈ సంగతి తెలుసు. సారుకు తెలియదు. ఆయన అన్నేళ్లూ పక్క సీట్లో ముల్లు సంగతి అడుగుతూ కూర్చున్నారు. రత్నాకర్‌కూ తెలియదు. అతను ఇంటి నుంచి కొట్టుకు, కొట్టు నుంచి ఇంటికి నడిచే మనిషి.

తర్వాత ఒక ఆటో వచ్చింది. మళ్లీ దీపాలు భగ్గుమన్నాయి. ఆటో ఆగింది. లోపల నుంచి, వెనక నుంచి, డ్రైవరుకు రెండు పక్కల నుంచి జనం దిగడం మొదలుపెట్టారు. దిగుతూనే ఉన్నారు. ఖాళీ ఆటో నెమ్మదిగా ముందు సాగింది. జనమంతా ఊరేగింపులో లాగా దాని వెనక నడిచారు. వెళ్తూ వెళ్తూ ఒక ముసలామె సారు వైపు చేతులు జోడించింది.

"ఈమె గూడ మీ స్టూడెంటేనా?" అన్నాడు రత్నాకర్.

సారుకు ఒక ఆలోచన తట్టింది. "ఇది ముందు ఒకసారి కండ్లు పెద్దగ తెరిచి, వచ్చేది ఎవరో గుర్తుపట్టి, అప్పుడు దించుతుందేమో!"

"నాకైతె సలాం కొట్టినట్టుంది," అన్నాడు రత్నాకర్.

ఒక ట్రాక్టరు సలాం అందుకుని నేరుగా పొలంలోకి దిగిపోయింది. ఇసుక లారీ ఒకటి వెనక్కి తిరగడానికి రోడ్డుకు అడ్డంగా నానా తంటాలు పడింది. సారు ప్రతిదాన్నీ మనసులో రాసుకున్నారు. పెద్ద బండ్లు వెనక్కి పోతాయి, చిన్న బండ్లు ఆగుతాయి. ఇందులో ఏదో సూత్రం ఉంది.

అంతలో దీపాల వెలుగులో, రోడ్డు మధ్యలో, ఒక చెయ్యి కళ్లకు అడ్డం పెట్టుకున్న మనిషి కనిపించాడు. సారు బ్రేకు మీద నిలబడ్డారు. డిక్కీలో కంకుల మూట దొర్లింది. ఆ మనిషి కల్లు గీసే సిద్ధయ్య. సైకిలుకు రెండు పక్కలా కల్లు కుండలు కట్టుకుని వస్తూ, కళ్లు కనబడక, అటు పోవాలో ఇటు పోవాలో తెలియక ఉన్నచోటే ఆగిపోయాడు. దీపాలు ఇంకా పైకే లేచి ఉన్నాయి. సైకిలుకు దీపం లేదు. దీపం లేనివాడు ఆ కారు కంటికి లేనే లేడు.

సారు కాడ తిప్పి వెలుగు దించి, కారు దిగారు.

"ఏంది సారూ, సూర్యుణ్ణి ముందట కట్టుకొని తిరుగుతున్నవు?" అన్నాడు సిద్ధయ్య, ఇంకా రెప్పలు కొట్టుకుంటూ. "గింత మనిషిని గీడున్న. కనవడ్తలేనా?"

"నాకు కనవడ్డవు. కారుకు కనవడలేదు."

"నడిపేది కారా, నువ్వా?"

రత్నాకర్ కిటికీలోంచి తల బయట పెట్టాడు. "సారూ, గిది ఒక మాట! భరణి చెప్పింది యాదికున్నది గదా!"

"ఇది మాట కాదు. ప్రశ్న," అన్నారు సారు. కానీ ఆ ప్రశ్న ఆయనకు చాలా దూరం వినిపిస్తూనే ఉంది. కారెక్కి మొదట చేసిన పని కాడను ఆటోలోంచి తీసెయ్యడం. ఇక దించినా ఎత్తినా తన చేత్తోనే.

కొంత దూరం పోయాక ఒక జీపు ఎదురైంది. సారు లైటు దించే ఉంచారు. కాడ ఆటోలో లేదు. అయినా దీపాలు భగ్గుమని సలాం కొట్టాయి. జీపు ఆగి, డ్రైవరు గబగబా బెల్టు పెట్టుకున్నాడు.

సారు భయపడాల్సింది. కానీ ఆయనలోని ఫిజిక్స్ మేష్టారు నిటారుగా లేచి కూర్చున్నాడు. ఆటో లేకపోయినా ఫలితం మారలేదంటే, కారణం ఆటో కాదు. మరి ఏది?

చంద్లాపూర్ మలుపు దగ్గర ఆ ప్రశ్నకు దారి లేకుండా పోయింది. రోడ్డంతా బండ్లే. సలాం అందుకున్న ప్రతివాడూ తనవాళ్లకు ఫోను చేసి చెకింగ్ ఉందని చెప్పాడు. వాళ్లు ఇంకొకరికి చెప్పారు. ఏ పక్క ఉందో ఎవరికీ తెలియక రెండు పక్కల వాళ్లూ మలుపు దగ్గరే ఆగిపోయారు. టీ కొట్టులో పాలు అయిపోయాయి. హెల్మెట్ పెట్టుకునే మిరపకాయ బజ్జీలు తింటున్న వాళ్లు కనిపించారు.

"గీ సారే! గీ సారే మనకు చెప్పింది!" అని ఎవరో అరిచారు. కిటికీలోంచి టీ గ్లాసు లోపలికి వచ్చింది.

"నేనేం చెప్పిన?" అన్నారు సారు.

"లైటు గొట్టి చెప్పినవు గదా సారూ, ముందట పోలీసోళ్లున్నరని! మా గురించి ఆలోచించెటోళ్లు ఈ కాలంల ఎవ్వలున్నరు?"

రత్నాకర్‌కు సంగతి అర్థమైంది. మొహం వికసించింది. ఫోను తీసి భరణికి కొట్టాడు. "అమ్మా, ఒక్క మాట గాదు, గీడ ఊర్లకూర్లు మాట్లాడుతున్నయి. నువ్వు రా!"

రోడ్డు జామ్ అయిందని తెలిసి నిజంగానే పోలీసు జీపు వచ్చింది. దాన్ని చూసి జనం మురిసిపోయారు. "చూసిన్రా? పోలీసోళ్లు రానే వచ్చిన్రు. సారు చెప్పింది ఎన్నడన్న తప్పుతదా?" సారు వాళ్లకు పరిచయమై గంట కూడా కాలేదు.

ఎస్సై వినీత దిగింది. "చెకింగ్ ఉన్నదని ఎవరు చెప్పిన్రు?"

టీ గ్లాసులన్నీ ఒకే వైపు తిరిగాయి.

సారు కారు దిగి నిలబడ్డారు. "అమ్మా, నేను ఎవరికీ ఏమీ చెప్పలేదు. కారు దానంతట అది లైటు కొడుతుంది. ఆటో లైటు వల్ల అనుకున్న. ఆటో తీసేసిన, అయినా కొడుతుంది. కారణం తెలుసుకోవాలంటే ఎదురుగ ఒక బండి రావాలె. మీ జీపు ఒకసారి ఎదురుగ తెప్పిస్తరా?"

పోలీసులను ప్రయోగానికి పిలిచిన వాళ్లు అంతకు ముందు ఎవరూ లేరు. ఎస్సైకి కోపం రావాలో నవ్వు రావాలో తేలలేదు. చివరికి ఏం జరుగుతుందో చూడాలనిపించింది. "తీస్కపోయి మళ్లిచ్చుకరా," అంది డ్రైవరుతో. సారు మళ్లీ కారెక్కి చక్రం ముందు కూర్చున్నారు.

అప్పుడే సిద్దిపేట వైపు నుంచి ఆటో ఒకటి వచ్చి వరుస చివర ఆగింది. భరణి దిగి, గుంపును తోసుకుంటూ వచ్చి, రత్నాకర్‌ను దింపి తండ్రి పక్క సీట్లో కూర్చుంది. ముందు బెల్టు పెట్టుకుంది.

జీపు ఎదురుగా వచ్చింది. కారు దీపాలు భగ్గుమన్నాయి. జీపు డ్రైవరు "అవ్వో!" అని కళ్లు మూసుకున్నాడు.

"బాపూ! నీ చెయ్యి!"

సారు తన చేతి వైపు చూసుకున్నారు. చక్రం ఛాతీకి అంత దగ్గరగా ఉంటే వేళ్లు దాన్ని దాటి వెనకనున్న లైటు కాడను చుట్టుకున్నాయి. ఎదురుగా బండి వస్తే ఆయనకు భయం. భయమేస్తే పట్టు బిగుస్తుంది. పట్టు బిగిస్తే కాడ వెనక్కి లాగబడుతుంది. పగలంతా కూడా ఆయన సిద్దిపేట బజారుకు సలాం కొడుతూనే తిరిగి ఉంటారు. ఎండలో ఎవరూ గమనించలేదు.

"ఆటో లైటు పెడుతది, దించుతది. వచ్చెటోళ్లకు, పొయ్యెటోళ్లకు సలాం కొట్టదు బాపూ. సీటు గింత ముందట పెట్టుకుంటె..." భరణి ఆగిపోయింది. సీటు వైపు చూసింది. "అమ్మ పెట్టుకున్న సీటు," అంది మెల్లగా.

"ఆ," అన్నారు సారు.

ఎస్సై కిటికీ దగ్గరికి వచ్చి, ఎదుటివారి కళ్లలో వెలుగు కొడితే ఏమవుతుందో గట్టిగానే చెప్పింది. సారు క్లాసులో పిల్లవాడిలా విన్నారు. ఆ తర్వాత ఆమె రోడ్డు వైపు చూసింది. ప్రతి తల మీదా హెల్మెట్ ఉంది. ఏ ఆటోలోనూ ఎక్కువ మంది లేరు. "మేము నెత్తి నోరు కొట్టుకున్నా గిట్ల కాలేదు," అని గొణుక్కుంది.

"మేడం, మా బాపు మీద ఎవలన్న కంప్లైంటు చేస్తున్నరా?" అడిగింది భరణి. అది బ్యాంకు గొంతు.

ఎస్సై గుంపు వైపు తిరిగింది. "సారు మీదనా?" అన్నారు జనం, చెవులు మూసుకోవలసిన మాట విన్నట్టు.

"నాకున్నది," అన్నాడొకడు వెనక నుంచి. సిద్ధయ్య సంగతి విని సైకిలు మళ్లించుకుని, దాన్ని నడిపించుకుంటూ కారు ముందుకు వచ్చాడు. సారు చక్రాన్ని మళ్లీ గట్టిగా పట్టుకున్నారు. సిద్ధయ్యకు మళ్లీ సలాం పడింది.

"అగో, మళ్ల!" అన్నాడు సిద్ధయ్య మొహం తిప్పుకుని. "గా లైటు దించుడు నేర్చుకోమనుండ్రి మేడం. గంతె. మనిషి మంచోడే, దిగొచ్చి మాట్లాడిండు."

"గది మాట! గది కంప్లైంటే!" రత్నాకర్ ముందుకు దూకాడు. "మేడం, నేను సాక్షిని. చిన్నకోడూరు కాడికెల్లి ముందు సీట్లనే కూసున్న. మొత్తం చూసిన!"

"ముందు సీట్లనా?" అంది ఎస్సై. "బెల్టు పెట్టుకున్నరా?"

"అది... పొట్ట మీదికెల్లి పడ్తలేదు మేడం."

ఎస్సై చలానా రాసింది. ఆ సాయంత్రం ఆ దారి మీద పోలీసులకు దొరికిన మనిషి రత్నాకర్ ఒక్కడే. మిగతా అందరికీ సారు ముందే చెప్పారు.

మిగిలిన దారిలో రత్నాకర్ వెనక సీట్లో, ఊపిరి బిగబట్టి, బెల్టు పెట్టుకుని కూర్చున్నాడు. కారు కొనే మాట ఎత్తలేదు. సారు ఎదురొచ్చిన ప్రతివారికీ చేత్తో వెలుగు దించారు. లారీకి దించారు, సైకిలుకు దించారు, నడిచి వచ్చేవాళ్లకూ దించారు. ఒకడు దించకుండానే దూసుకుపోయాడు.

"ఆయన ఇంటి సంగతి," అన్నారు సారు, ఎవరితోనో.

భరణి చాలాసేపు కిటికీలోంచి బయటికి చూసింది.

ఇంటికొచ్చాక ఆమె తాళం చెవిని మేకుకు తగిలించి రెండు షరతులు పెట్టింది. కారు ఉండాలంటే లైటు చేత్తో దించాలి, సీటు వెనక్కి జరపాలి. సారు రెండింటికీ సరేనన్నారు. వేళ్లను కాడకు తగలకుండా మడిచి పట్టుకోవడం వారంలో నేర్చుకున్నారు. ఇప్పుడు కారు ఎవరికీ సలాం కొట్టడం లేదు. సీటు ఇంకా జరపలేదు.