అడగకూడని మూడు రోజులు

ఆ శనివారం పొద్దున సుహైల్ పెట్టుకున్న పనులు మూడే. పిల్లల్నీ పరుపుల్నీ మేడ మీది సామాను గదిలోకి చేర్చడం, కింది ఇల్లు కడిగించడం, పది గంటలకు సౌదీలోని బురైదా నుంచి వచ్చే కుటుంబం చేతిలో తాళాలు పెట్టి ఓ నవ్వు నవ్వడం. ఖరీఫ్ వానకాలపు జల్లు మొదలైతే ఒమన్ తీరంలోని సలాలాలో సగం ఊరు చేసే పని ఇదే. ఎండలకు వేగిపోయిన జనం ఎడారి దాటి కార్లలో వచ్చి పడతారు. ఊళ్ళోవాళ్ళు ఉన్న ఇళ్ళు వాళ్ళకు అద్దెకిచ్చి, తాము మేడ మీదికో అత్తారింటికో పోతారు. ఇందులో దాచుకోవాల్సింది ఏమీ లేదు. కాకపోతే అందరికీ బఖీత్ లాంటి పెదనాన్న ఉండడు.

తండ్రి పోయాక సుహైల్‌ను పెంచి పెద్దచేసింది ఆయనే. కొండ మీద పాత ఇంట్లో ఒంటరిగా ఉంటాడు. గడప తొక్కినవాడి దగ్గర డబ్బు పుచ్చుకోవడం ఆయన లెక్కలో వంశం పేరు సంతలో పెట్టి అమ్మడమే. దూరపు చుట్టం ఒకడు ఇల్లు అద్దెకిస్తున్నాడని తెలిసి, వాడి సలాముకు జవాబివ్వడం మానేశాడు. అది జరిగి రెండేళ్ళయింది. ఆ మనిషి ఇప్పటికీ పండగ పండగకూ వచ్చి సలాం పెడుతూనే ఉన్నాడు, ఈయన గోడకేసి చూస్తూనే ఉన్నాడు. సుహైల్ పోయిన ఏడాది నుంచి తన ఇల్లు అద్దెకిస్తున్న సంగతి మాత్రం ఆయనకు తెలియదు.

"పెదమామయ్యకు చెప్పేయండి. చంపరు కదా," అంది భార్య తుఫూల్, పరుపు మెట్లెక్కిస్తూ.

"చంపినా బాగుణ్ణు. గోడకేసి చూస్తాడే!"

పది గంటలకు కారు రానే వచ్చింది. ముత్లక్ అనే పెద్దమనిషీ, అతని భార్యా, తల్లి హస్సా దిగారు. దిగిన హస్సా కదల్లేదు. మొహం పైకెత్తి, కళ్ళు మూసుకుని, బుగ్గల మీద జల్లు పడనిస్తూ నిలబడిపోయింది.

"డెబ్బై ఏళ్ళొచ్చాయి బాబూ," అంది సుహైల్‌తో. "వాగు పక్కన చాప వేసుకుని, ఒళ్ళు తడిసేదాకా కూర్చోవాలి. నాకున్న కోరిక అదొక్కటే. ఈ ఐదు రోజులూ నన్నెవరూ కదపకండి."

"ఎవరు కదుపుతారమ్మా!" అంటూ సుహైల్ తాళాలు అందించబోయాడు. సరిగ్గా అప్పుడే వెనకాల ఓ పాత పికప్ బండి గుర్రుమని ఆగింది. ఒక చేతిలో మూట, ఇంకో చేతిలో కాఫీ కూజాతో దిగినవాడు బఖీత్ పెదనాన్న!

"కొండ మీద పొగమంచు చంపేస్తోందిరా. ఒకటే దగ్గు. వారం రోజులు నీ దగ్గరే ఉంటాను," అని, కొత్తవాళ్ళను చూసి ఆగాడు. "ఎవరు వీళ్ళు?"

సుహైల్ తాళాలు గబుక్కున జేబులో దాచాడు. "అ... అతిథులు, పెదనాన్నా."

"మరి నీ పిల్లలు మేడ మీద చేస్తున్నదేమిటి?"

"ఇల్లు... అతిథులకు ఇచ్చేశాను."

ముసలాయన మొహం వెలిగిపోయింది. సుహైల్‌ను దగ్గరికి లాక్కుని, ముక్కుకు ముక్కు తాకించి, "శభాష్! నా తమ్ముడి రక్తంరా నువ్వు! ఇల్లు అద్దెకు తిప్పే వెధవలంతా వచ్చి నిన్ను చూసి నేర్చుకోవాలి," అన్నాడు. ఆ వెధవ అక్కడే తల దించుకుని నిలబడ్డాడు. ఇంత మెచ్చుకోలు పుట్టాక ఎప్పుడూ వినలేదు. వినకుండా ఉంటే ఎంత బాగుండేదో అనిపించింది అతనికి.

ముత్లక్ సమయం చూసుకోకుండా జేబులో చెయ్యి పెట్టాడు. "అన్నా, మిగతా సగం ఇప్పుడే..."

సుహైల్ ఆ చేతిని జేబులోకే తోసేశాడు. "నా గుమ్మంలో డబ్బు మాటా? సిగ్గుగా లేదూ?" అని అరిచాడు. పెదనాన్న కళ్ళు చెమర్చాయి. ముత్లక్ నోరు తెరుచుకునే ఉంది.

"మీరెవరని అడగను," అన్నాడు పెదనాన్న ముత్లక్ భుజం మీద చెయ్యేసి. "ఎందుకొచ్చారు, ఎన్నాళ్ళుంటారు, మావాడు మీకెలా తెలుసు, ఏదీ అడగను. మూడు రోజులు దాటేదాకా అతిథిని అలాంటివి అడిగే అలవాటు మా ఇంటా వంటా లేదు. నాలుగో రోజు పొద్దున తీరిగ్గా అడుగుతాను."

సుహైల్‌కు గడువు తెలిసిపోయింది. మూడు రోజులు.

పెదనాన్న నేరుగా వెళ్ళి ముందుగదిలో మూట దింపాడు. అద్దె ప్రకటనలో ఆ గది ఫొటో కూడా ఉంది. కాసేపటికి ముత్లక్ భార్య గుమ్మంలోంచి తొంగిచూసి, "ఈయన కూడా ఇంటితోపాటే వస్తారా?" అని గుసగుసలాడింది.

ఆ మధ్యాహ్నానికే మేక తెగింది. వాకిట్లో రాళ్ళు కాల్చి, వాటి మీద మాంసం వేశారు. తినడం అయ్యాక కాఫీ, కాఫీ అయ్యాక హల్వా, హల్వా అయ్యాక మళ్ళీ కాఫీ. ముత్లక్ మూడుసార్లు లేవబోయాడు. మూడుసార్లూ పెదనాన్న, "సాంబ్రాణి రాకుండానే లేస్తారా!" అని మోకాలు పట్టుకుని కూర్చోబెట్టాడు. సాంబ్రాణి పొగ వేసిన గిన్నె చేతికి అందేదాకా అతిథి లేవకూడదు కదా! వంటింటి వైపు తిరిగి, "అమ్మాయ్, ఇప్పుడే తేకు," అని కేక కూడా వేశాడు. తుఫూల్ గిన్నెలో నిప్పులు నాలుగుసార్లు మార్చింది. చివరికి తెచ్చేసరికి బయట చీకటి పడింది. వాగు చూడ్డానికి ఇక రేపే.

ముత్లక్ కూడా పరువు గల ఇంటి మనిషే. పెట్టిన పళ్ళెం వద్దనడం అతనికీ చేతకాదు. అక్కడే అందరి కొంప మునిగింది.

మర్నాడు మసీదు దగ్గర పెదనాన్న ఎదురింటి ముబారక్‌ను పట్టుకున్నాడు. "మావాడి ఇంటికి అతిథులొస్తే పొరుగువాడివి, ఒక్క పూట పిలవవా? మీ నాన్న ఉంటే ఇలాగే ఊరుకునేవాడా?"

ముబారక్‌కు ఆ అతిథులెవరో బాగా తెలుసు. అయితే అతని ఇంట్లోనూ కువైట్ వాళ్ళు దిగి ఉన్నారు. ఆ మాట ఈయన ముందు ఎలా అంటాడు? "అయ్యో, పిలవకపోవడమేమిటి పెద్దయ్యా, మధ్యాహ్నమే రమ్మనండి," అన్నాడు. అది విని పక్కవాడు రాత్రి భోజనానికి పిలిచాడు. ఆ పక్కవాడు మర్నాటి ఫలహారానికి. పిలవనివాడు పిసినారి అవుతాడు, పిలిచినవాడికి వండే చోటు లేదు. వీధి వీధంతా ఇళ్ళు అద్దెకిచ్చి మేడల మీద కాపురం పెట్టింది మరి. పూటకో మేడ ఎక్కి, టార్పాలిన్ పట్టా కింద ఒంగుని కూర్చుని అన్నం తింటూ, ముత్లక్ కుటుంబం ఊరంతా పైనుంచే చూసింది.

"ఈ వీధిలో అందరూ మేడల మీదే భోజనాలు పెడతారేమిరా?" అని పెదనాన్న ఆశ్చర్యపోయాడు.

"చల్లగా ఉంటుందని, పెదనాన్నా."

ఆ మెట్ల మీదే ముత్లక్ సుహైల్ చెయ్యి పట్టుకున్నాడు. "అన్నా, నీకు దణ్ణం పెడతాను. అమ్మను ఒక్కసారి వాగు దగ్గరికి తీసుకెళ్ళనివ్వు."

"ఈ ఒక్క పూట ఓర్చుకో అన్నా. రేపు నేనే తీసుకెళ్తాను," అన్నాడు సుహైల్. అదే మాట నిన్నా అన్నాడు. అంటున్నప్పుడే తన మాట తనకు కంపు కొట్టింది.

మూడో రోజు సాయంత్రం హస్సా వంటింట్లో తుఫూల్ పక్కన పీట వేసుకుని కూర్చుంది. "నీ చేతి వంట బాగుంది తల్లీ. అందరి వంటా బాగుంది," అంది. "కాకపోతే, మూడు రోజులుగా వాన పట్టా మీద పడుతుంటే వింటున్నానే తప్ప ఒక్క చుక్క నా మీద పడలేదు. పోనీలే. మళ్ళీ ఏడాదికి ఉంటే చూద్దాం."

తుఫూల్ గరిటె పడేసి మెట్లెక్కింది. "మళ్ళీ ఏడాదికి ఉంటే అంటోంది ఆ పెద్దావిడ. విన్నారా? మీ పరువు కోసం ఆవిడ వాన తినేశారు."

సుహైల్ సామాను గదిలో పాత చాపల మధ్య కూర్చుని రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. పెదనాన్న గోడకేసి చూస్తాడని భయపడ్డాడు గానీ, ఇప్పుడు తనే ఎవరి మొహమూ చూడలేకుండా ఉన్నాడు. చిన్నప్పుడు బడిలో పక్కవాడి ఖర్జూరాలు దొంగిలించి దొరికిపోయినప్పుడు కూడా ఇంత సిగ్గు పడలేదు. అప్పుడు కనీసం ఖర్జూరాలైనా తిన్నాడు.

నాలుగో రోజు పొద్దున పెదనాన్న తలపాగా సర్దుకుని, కాఫీ పోసి, "మూడు రోజులయ్యాయి. ఇక అడగొచ్చు. అతిథుల్ని పిలువు," అన్నాడు. పిలవకుండానే ముత్లక్ వచ్చాడు. వెనక గుమ్మంలో తల్లి, భార్య. చేతిలో పెట్టెలు.

పెదనాన్న నోరు తెరిచేలోపే సుహైల్ లేచి నిలబడ్డాడు.

"వీళ్ళు అతిథులు కారు పెదనాన్నా. ఇల్లు అద్దెకిచ్చాను. పోయిన ఏడాది కూడా ఇచ్చాను. నువ్వు గోడకేసి చూస్తావని భయపడి అబద్ధమాడాను. నా అబద్ధానికి ఈ అమ్మ వాన పోగొట్టుకుంది. నన్ను తిట్టు, కొట్టు, నీ ఇష్టం. ఈవిణ్ణి మాత్రం వెళ్ళనివ్వు."

పెదనాన్న కాఫీ కూజా ఠప్పున కింద పెట్టాడు. "నా తమ్ముడి గోడల మధ్య బేరమా? గడప తొక్కినవాడికి రేటు కట్టావా? ఇందుకా నిన్ను పెంచింది! ఇంకోసారి నాకు సలాం పెట్టకు," అంటూ గోడ వైపు తిరగనే తిరిగాడు.

ముత్లక్‌కు మనసు ఒప్పలేదు. "పెద్దయ్యా, తప్పు మాదే అనుకోండి. మాకే లోటూ రాలేదు. తిండి కాస్త ఎక్కువైంది, అంతే. మిగిలిన రెండు రోజులకు కొండ మీద ఇల్లు తీసుకున్నాం. అందులో దిగినవాళ్ళు ఈ పొద్దున్నే ఖాళీ చేశారట. పక్కనే వాగు కూడా ఉంది, చూడండి," అని ఫోన్ ముందుకు చాపాడు. "యజమాని ఉండడు, భోజనం పెట్టడు అని రాసి ఉంది. అది చూసే తీసుకున్నాం."

సుహైల్ వంగి చూశాడు. రాతి గోడ. మేకల దొడ్డి. పచ్చ రంగు తలుపు. ఆ తలుపుకు రంగు వేసింది సుహైలే, పోయిన ఈద్‌కు, సెలవంతా పెట్టి. లోపలి గోడకు వేలాడుతున్న ఫొటోలో ఇద్దరు అన్నదమ్ములు చేతికర్రలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఒకరు తన తండ్రి.

"పెదనాన్నా," అన్నాడు సుహైల్ మెల్లగా, "ఇది..."

బఖీత్ పెదనాన్న అప్పుడు దగ్గాడు. ఈ ఇంట్లో అడుగుపెట్టాక అదే మొదటి దగ్గు.

"నా ఇంటిని ఆ పెట్రోలు బంకు కుర్రవెధవ ఫోన్‌లో అద్దెకు పెట్టాడురా," అన్నాడు గోడకే. "ఊరికే పడి ఉంది కదా అన్నాడు. ఒక్క వారమే కదా అన్నాడు. ఆ ఒక్క వారం మూడేళ్ళయింది." గొంతు దిగిపోయింది. "ఆ చుట్టాన్ని చూసినప్పుడల్లా గోడకేసి తిరిగేది కోపంతో కాదురా. వాడి మొహం చూడలేక."

ముత్లక్ ఒక్కడికే ఏమీ అర్థం కాలేదు. అతని భార్య చెవిలో చెప్పాక, పాపం, అతనూ తల దించుకున్నాడు.

తుఫూల్ సాంబ్రాణి గిన్నె తెచ్చింది. ఈసారి ఎవరూ తేవద్దనలేదు. పొగ గుప్పుమంటోంది. అతిథుల్ని దాటి తిన్నగా వెళ్ళి, పెదమామయ్య గడ్డం కింద పెట్టింది ముందు. ఆయన మాట్లాడకుండా పొగ పట్టించుకుని, మూట కోసం తడుముకున్నాడు. ఎక్కడికి పోవాలో మాత్రం ఆయనకే తెలియదు. ఉన్న ఒక్క ఇల్లూ అద్దెకు పోయింది.

"అన్నయ్యా," అంది హస్సా గుమ్మంలోంచి, "మా ఇంటికి రండి. ఈ రెండు రోజులూ మీరు మా అతిథి."

ఆ మధ్యాహ్నం కొండ మీద, వాగు పక్కన, హస్సా చాప మీద కూర్చుని నిలువెల్లా తడుస్తోంది. బఖీత్ పెదనాన్న తన ఇంటి పచ్చ తలుపు ముందు చెప్పులు విడిచి, లోపలికి రావచ్చా అని అడిగాడు. ఆవిడ రమ్మంది. మీరెవరని మాత్రం అడగలేదు.