చినకాలవపాలెంలో పాదసేవ

కెనడా దేశస్థులైన ఎడితమ్మగారూ, వారి భర్త హెరాల్డు దొరగారూ ఏడాదిపాటు స్వహస్తాలతో ప్రజాసేవ చేసే నిమిత్తం చినకాలవపాలెం విచ్చేసి, ఆ ఒక్క పని తప్ప తక్కినవన్నీ దిగ్విజయంగా నిర్వహిస్తున్నారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాం.

ఎడితమ్మగారు తమ దేశంలో నర్సుగా చేసి రిటైరయ్యారు. దొరగారు వడ్రంగి. మనవలను ఆడించుకుంటూ ఇంట్లో కూర్చోవలసిన వయసులో పరాయి దేశం వెళ్ళి చెమటోడ్చాలని ఉబలాటపడే దంపతులను ఏరి, తలో దేశానికీ పంపించే మిషను ఒకటి అక్కడ ఉంది. రామచంద్రపురం దగ్గరున్న చినకాలవపాలెం చర్చి సంఘానికి ఈ జంట వంతుపడింది. ఉత్తరం రాగానే సంఘ కమిటీ అధ్యక్షులు జీవరాజుగారు అత్యవసర సమావేశం వేశారు. ఆయన తాలూకా ఆఫీసులో పెద్ద గుమాస్తాగా చేసినవారు. తీర్మానం లేనిదే తుమ్మరు.

"చేతుల్తో సేవ చేత్తారంటండి," అన్నారాయన కళ్ళజోడు తీసి. "ఊడుస్తారంట, తోముతారంట, రోగుల్ని చూత్తారంట. వచ్చినోళ్ళ చేత పని చేయించుకున్నామని రేపు అమలాపురంలో తెలిస్తే మన మొహం ఎక్కడెట్టుకోవాలండి?"

అమలాపురంలో ఎలా తెలుస్తుందని ఎవరూ అడగలేదు. విదేశీ దంపతులు ఏ పనీ ముట్టుకోకుండా సంఘం సర్వవిధాలా కాపాడాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. వారికి బస ఇచ్చిన బంగళాలో వంటకీ, ఇంటిపనికీ రూతు అనే మనిషిని పెట్టారు.

ఎడితమ్మగారు తెలుగు నేర్చుకునే వచ్చారు. ఎప్పుడో వందేళ్ళనాటి దొరలు రాసిన పుస్తకంలోంచి నేర్చుకోవడంతో ఆవిడ నోరు తెరిస్తే వాక్యం చదివినట్టుండేది. మొదటిరోజు పొద్దున్నే లేచి వాకిలి ఊడుద్దామని వెళ్తే వాకిలి అప్పటికే అద్దంలా ఉంది. మర్నాడు ఇంకా ముందు లేచారు. రూతు అంతకంటే ముందు లేచింది. మూడోనాడు కోడి కూయకముందే తలుపు తీస్తే, రూతు వరండాలో చీపురు తలకింద పెట్టుకుని పడుకుంది.

"రూతూ, ఆ చీపురు నాకు ఇమ్ము. నేను సేవ చేయుటకు వచ్చితిని," అన్నారు ఎడితమ్మగారు.

"బావుందండి అమ్మగారూ. మీరు సేవ చేత్తే నన్ను పన్లోంచి తీసేత్తారు. నామీద దయుంటే అలా కుర్చీలో కూకోండి."

ముప్పై ఏళ్ళ ఉద్యోగంలో ఎందరో రోగులు ఆవిడను ఎన్నో అడిగారుగాని, కూర్చుని పెట్టమని ఎవరూ అడగలేదు. ఆవిడ కూర్చున్నారు.

ఆ తర్వాత దినచర్య సాఫీగా సాగింది. ఉదయం ఫలహారం ఒకరింట్లో, దాని మీద ఉపాహారం ఇంకొకరింట్లో. "ఒక్కటేనండి" అని వడ్డించింది ఎప్పుడూ రెండోదో, మూడోదో అయ్యేది. వద్దంటే ఇల్లాలు కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఊళ్ళో సగం పొలం గల పల్లంరాజుగారు చర్చికి వచ్చేవారు కాకపోయినా తన వంతు తనకు కావాలని కమిటీ మీదికి వచ్చారు. "దేవుడు వేరైతే పెసరట్టు కూడా వేరేంటండీ?" అని ఆయన నిలదీశారు. జీవరాజుగారు తీర్మానం చేసి గురువారాలు పల్లంరాజుగారికి రాసిచ్చారు.

దొరగారు చర్చి బెంచీలు బాగుచేద్దామని కెనడా నుంచి రంపం, ఉలి తెచ్చుకున్నారు. కమిటీ వాటిని ఎంతో గౌరవంతో అద్దాల బీరువాలో పెట్టి తాళం వేసి, బెంచీలు బాగుచేయడానికి వేరే వడ్రంగిని పిలిచింది. దొరగారికి ప్రారంభోత్సవాలు అప్పగించింది. టైపు ఇన్‌స్టిట్యూటుకి రిబ్బను కత్తిరించారు. బోరింగు పంపుకి రిబ్బను కత్తిరించారు. ఒక గేదె ఈనితే దానికీ పిలిచారుగాని, ఆ రోజు ఆయనకు అజీర్తి. నెల తిరిగేసరికి దొరగారు పని మాట మరిచి, మధ్యాహ్నం కొబ్బరిబొండం ఇంకా రాలేదేమని గేటు వైపు చూడడం నేర్చారు.

ఎడితమ్మగారు మాత్రం మరవలేదు. ఊడుపుల కాలం వచ్చింది. సాయంత్రం వరండాలో కూర్చుంటే, నాట్లు వేసిన ఆడవాళ్ళు గట్టు మీద తిరిగి వెళ్తూ కనిపించేవారు. అందరూ మడమల మీద నడిచేవారు. వేళ్ళు నేలకు ఆనించేవారు కాదు. అందరి వెనకా మరిడమ్మ, ఆ గుంపు పెద్ద, గట్టు పక్క గడ్డి చూసుకుని అడుగేసేది.

"వారు అట్లు నడచుట ఏల?" అని అడిగారు ఎడితమ్మగారు.

"బురదనీళ్ళలో నాని వేళ్ళ సందులు పుళ్ళు పడతాయండి. నాట్లయ్యేదాకా అంతే," అంది రూతు, ఎండ కాస్తుందన్నంత మామూలుగా.

ఎడితమ్మగారు గబగబా లోపలికి వెళ్ళి పెట్టె తెరిచారు. అందులో పుళ్ళ మందు ట్యూబులు, గుడ్డపట్టీలు తెచ్చినవి తెచ్చినట్టే ఉన్నాయి. ఆ కాళ్ళు కడిగి, తుడిచి, మందు వేస్తే వారంలో మానుతాయి. తాను సముద్రాలు దాటి వచ్చింది ఈ పనికేనని ఆవిడకు ఆ క్షణంలో తెలిసిపోయింది. నేరుగా కమిటీ దగ్గరికి వెళ్ళి చెప్పారు.

 జీవరాజుగారు గొంతు సవరించుకున్నారు.

"తమరు పెద్దవారండి. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళ కాళ్ళు ముట్టుకుంటే చిన్నవాళ్ళకి ఆయుక్షీణం."

"బైబిలునందు అట్లు లేదు."

"బైబిల్లో లేకపోతే ఏవండి, మాయమ్మ చెప్పిందండి."

అయినా సేవను అడ్డుకున్నారన్న మాట రాకూడదని కమిటీ సాయంత్రందాకా ఆలోచించి మార్గం కనిపెట్టింది. ఎడితమ్మగారికి అరవై నాలుగు. అంతకంటే పెద్దవాళ్ళ కాళ్ళయితే ముట్టుకోవచ్చు, ఎవరి ఆయుష్షుకీ నష్టం లేదు.

"ఆ వయసువారు నాట్లు వేయరు గదా?"

"వెయ్యరండి. అందుకే తీరిగ్గా వత్తారు."

ఆ విధంగా ఆదివారంనాడు షామియానా కింద, మైకుసెట్టు సాక్షిగా పాదసేవ మహోత్సవం జరిగింది. ఊళ్ళోని పెద్దవయసు అమ్మలు, జీవరాజుగారి తల్లి సహా, ఇంటి దగ్గరే సబ్బుతో కాళ్ళు రుద్దుకుని, కొత్త చెప్పులేసుకుని వచ్చారు. కొందరు పొలం మొహం చూసి పాతికేళ్ళు దాటింది. ఎడితమ్మగారు పుండు కోసం ఆ పాదాలన్నీ వెతికారు. ఒక్కదానికీ గీత కూడా లేదు. మందు మాత్రం ఎవరూ వద్దనలేదు. మోకాళ్ళకి పనికొస్తుందని ట్యూబులు బొడ్లో దోపుకున్నారు. "పుళ్ళు లేని పాదాలతో మన సంఘం దేశానికే ఆదర్శంగా నిలిచింది" అని జీవరాజుగారు ప్రసంగించారు. ఎడితమ్మగారికి సేవాశిరోమణి బిరుదిచ్చి శాలువా కప్పారు. నాట్ల ఆడవాళ్ళు రాలేదు. ఆదివారమైనా నాట్లకు సెలవు లేదు.

సోమవారం ఉత్సవం ఫొటోలు పెద్దవి చేయించడానికి కమిటీ మొత్తం రాజమండ్రి వెళ్ళింది. రూతు బజారుకెళ్ళింది. ఎడితమ్మగారు మిగిలిన ఒక్క ట్యూబూ, ఒక బేసినూ పట్టుకుని పల్లంరాజుగారి పొలం గట్టెక్కారు. ఆవిడను చూడగానే ఆడవాళ్ళందరూ నడుములు ఎత్తి, మర్యాదకి పాదాలు ఇంకాస్త బురదలోకి తొక్కుకుని నిలబడ్డారు.

ఎడితమ్మగారు దారంతా ఆలోచించుకునే వచ్చారు. "అమ్మలారా, భయపడకుడి. నేను మీకంటే చిన్నదానను. నా వయస్సు ఇరువది."

 చేను చేనంతా నవ్వింది.

"ఇరవయ్యేనా?" అంది మరిడమ్మ, చెంగుతో కళ్ళు తుడుచుకుంటూ. "అయితే దిగవే పిల్లా. ఇయ్యాళ ఓ మనిషి తక్కువైంది. నువ్వో వరస పట్టుకుంటే మధ్యాహ్నం గట్టు మీద కూకుని నీ ముచ్చట తీరుద్దాం."

ఈ దేశం వచ్చాక ఎడితమ్మగారిని పని చెయ్యమన్న మొదటి మనిషి మరిడమ్మ. ఆవిడ చెప్పులు విడిచి, గౌను ఎగదోపుకుని దిగిపోయారు. ఆవిడ నాటిన మొక్కలు వెల్లకిలా పడితే మరిడమ్మ వెనకనుంచి వచ్చి మళ్ళీ నాటుతూ, "మీ ఊళ్ళో పైరు పడుకునే పెరుగుద్దేంటే?" అంది. ఎడితమ్మగారు అంతగా నవ్వి ఎన్నాళ్ళయిందో.

మధ్యాహ్నం కాకుండానే కబురు తెలిసి పల్లంరాజుగారు గొడుగు, కుర్చీ, సోడా పట్టించుకుని పరుగున వచ్చారు. ఆవిడను బురదలోంచి పైకి తీసి, కుర్చీలో పెట్టి ఇంటికి మోయించారు. దొరసానమ్మ చేత నాట్లు వేయించినందుకు మరిడమ్మను ఆ ఏటికి తన పొలంలో అడుగు పెట్టొద్దన్నారు. గట్టు మీద బేసిను బోర్లపడి ఉండిపోయింది.

మర్నాటికి ఎడితమ్మగారి పాదాలు ఎర్రబడి, వేళ్ళ సందులు ఒరిసిపోయాయి. ఊరు అట్టుడికిపోయింది. రామచంద్రపురం నుంచి కారులో డాక్టరొచ్చాడు. చర్చిలో ఉపవాస ప్రార్థనలు, గుళ్ళో పల్లంరాజుగారి తరఫున అభిషేకం జరిగాయి. జీవరాజుగారు కంటతడి పెట్టుకుని, నాట్లు వేయడం పాదాలకు హానికరమని ఇప్పుడే మన దృష్టికి వచ్చినందున ఎడితమ్మగారు ఇకముందు నాట్లు వేయరాదని తీర్మానం ప్రవేశపెట్టారు. ఏకగ్రీవం.

పరామర్శకు వచ్చినవాళ్ళు గేటుదాకా వరసకట్టారు. చివర్న మరిడమ్మ వచ్చి మెట్లకింద నిలబడింది.

"ఎంత నొప్పిగా ఉందో తల్లికి," అంది.

"మరిడమ్మా, నీ కాళ్ళు చూపుము," అన్నారు ఎడితమ్మగారు, దిండు మీద పెట్టిన కాళ్ళు దించబోతూ.

"నాకేవైందమ్మా, బానే ఉన్నాయి," అని మరిడమ్మ చీర కుచ్చిళ్ళు కిందికి లాక్కుంది. ఎడితమ్మగారు ఆ ఒక్క ట్యూబూ ఆమె వైపు చాచారు. జీవరాజుగారు మధ్యలోనే అందుకున్నారు.

"తమరికే చాలదండి," అని భక్తితో మూత తీసి, మిగిలిందంతా ఎడితమ్మగారి వేళ్ళ సందుల్లో పిండేశారు.

పాఠకులు ఎడితమ్మగారి పాదాల గురించి బెంగపెట్టుకుని ఉంటారు. నాలుగు రోజుల్లో పూర్తిగా తగ్గిపోయాయి. మరిడమ్మ సంగతి ఇంతవరకు మమ్మల్ని ఎవరూ అడగలేదు.